ట్రయౌట్స్ (కొత్త సీజన్‌కి టీమ్ ఎంపికలు) అయ్యేసరికి టీమ్ సగం ఖాళీ. ఉండాలా, వెళ్లాలా?

సైడ్‌లైన్ నాన్న
అందరికీ నమస్కారం. అమెరికాలో పిల్లల్ని సాకర్ ఆడించే తల్లిదండ్రుల ఈ ఫోరమ్‌ని రెండేళ్లుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నాను.

మా అమ్మాయి 2014 మార్చిలో పుట్టింది. మూడేళ్లుగా ఒకే క్లబ్, ఒకే టీమ్. నేనే టీమ్ మేనేజర్‌ని. అంటే టెంట్ మోసేది నేనే, ప్లేయర్ కార్డులు రిఫరీకి చూపించేది నేనే, హోటల్ బాగాలేకపోతే అందరి చేతా మాటలు పడేదీ నేనే. నిరుడు 14 మంది ఉండేవాళ్లు. 2026-27 సీజన్ నుంచి వయసు లెక్క మారింది కదా, పుట్టిన సంవత్సరం బదులు ఆగస్టు నుంచి జులై దాకా. దాంతో జులై తర్వాత పుట్టిన నలుగురు కింది గ్రూప్‌కి వెళ్లారు. అది రూలు, ఎవరినీ అనడానికి లేదు. మిగిలింది పదిమంది. ఆ పదిలో నలుగురు ముందు వారం దాకా మాతో నవ్వుతూ తిరిగి, ట్రయౌట్స్ రోజు పక్క ఊరి పెద్ద క్లబ్‌లో తేలారు. గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్, ఒక వింగర్, మిడ్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి పక్కన ఆడే పిల్ల.

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. బుధవారం రాత్రి అన్నం తింటుంటే టీమ్ గ్రూప్‌లో ఒకరు వెళ్లిపోయినట్టు చూపించింది. రెండు నిమిషాలకి ఇంకొకరు. పది నిమిషాల్లో నలుగురూ. మా అమ్మాయి నా భుజం మీంచి చూస్తూనే ఉంది. "నాన్నా, వాళ్లకి నా మీద కోపమా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. గోల్‌కీపర్ పిల్ల స్పేర్ గ్లవ్స్ ఇప్పటికీ నా కారు డిక్కీలో ఉన్నాయి.

మా క్లబ్ ఆఫర్ పంపింది, 48 గంటల్లో డిపాజిట్ కట్టాలి. ఇంతలో ఆ పెద్ద క్లబ్ కోచ్ నాకూ మెసేజ్ పెట్టాడు, మీ అమ్మాయికి కూడా చోటుంది అని. అసలు ఈ ఆటలో విధేయత అనేది ఉందా? ఉంటే ఎవరు ఎవరికి చూపించాలి?

లెక్కల మనిషి
లేదు. ఏడాదికి ఒప్పందం, ఏడాదికి ఫీజు. ఏడాది అయ్యాక ఎవరి దారి వారిది. మనం రెండేళ్లకోసారి కంపెనీ మారతాం. పన్నెండేళ్ల పిల్లలకి విధేయత మీద క్లాసు పీకడం ఏం బాగుంటుంది?

బ్లాక్ కాఫీ
రెండేళ్లకోసారి మారేది గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు సార్. నేను పదకొండేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్నా. దాన్ని విధేయత అని మాత్రం ఎవరూ అనరు.

మోడరేటర్
క్లబ్ పేర్లు, పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు ఎవరూ రాయొద్దు. నిరుడు ఒక తల్లి ఇక్కడ రాసింది ఆ టీమ్ కోచ్ దాకా వెళ్లి పెద్ద గొడవైంది.

గోలీ అమ్మ
సైడ్‌లైన్ నాన్న గారూ, మీ బాధ అర్థమైంది. మాది అవతలి పక్షం, చెప్తాను వినండి.

మా అమ్మాయి గోల్‌కీపర్. నిరుడు మేమూ ఇలాగే క్లబ్ మారాం. ఇంకో మిడ్‌ఫీల్డర్ వచ్చినా మీ అమ్మాయి పది నిమిషాలు తగ్గి ఆడుతుంది, అంతే. గోల్‌కీపర్‌కి అలా కాదు. గ్రౌండ్‌లో ఒక్కటే చోటు. రెండో కీపర్ వస్తే సగం ఆట బెంచ్ మీదే. మా పాత క్లబ్ మాకు చెప్పకుండా రెండో కీపర్ని తెచ్చింది. అప్పుడు మా పట్ల విధేయత ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకొకటి. 11 మంది ఆటకి వెళ్తే గోల్ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. మా పిల్ల నాలుగు అడుగుల పది అంగుళాలు. చెయ్యి చాపి ఎగిరినా పై కర్ర అందదు. కీపర్ కోచ్ లేని క్లబ్‌లో ఆ గోల్ ముందు నిలబెడితే వారానికి ఐదు గోల్స్ తినడమే, తిన్న ప్రతిసారీ సైడ్‌లైన్ మీద పెద్దవాళ్ల నిట్టూర్పులు వినడమే. మీ క్లబ్‌లో కీపర్ కోచ్ ఉన్నాడా?

అయితే మేం మారేముందు మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పాం. గ్రూప్‌లోంచి మాయమవడం మాత్రం తప్పే.

సైడ్‌లైన్ నాన్న
కీపర్ కోచ్ లేడు. రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాం. (మీరు ఆ గోలీ అమ్మ కాదు కదా?)

గోలీ అమ్మ
కాదండీ బాబూ, మేం నార్త్ కరోలినాలో ఉంటాం. మా అమ్మాయి గ్లవ్స్ ఇంట్లోనే ఉన్నాయి, వాసన కొడుతూ.

పాత కోచ్
అమ్మాయిల టీమ్‌లకి పదహారేళ్లు కోచింగ్ చేసి మానేసినవాణ్ని. కోపాలు కాసేపు పక్కన పెట్టి అంకెలు చూద్దాం.

అండర్ 9, అండర్ 10 పిల్లలది ఏడుగురి ఆట, టీమ్‌లో ఎక్కువలో ఎక్కువ 12 మంది. తర్వాత రెండేళ్లు తొమ్మిది మంది ఆట, 16 మంది దాకా. అండర్ 13 నుంచి 11 మంది ఆట. మ్యాచ్ రోజు 18 మందే డ్రెస్ వేసుకుని ఆటకి సిద్ధంగా ఉండొచ్చు, కానీ చాలాచోట్ల రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) 22 దాకా పెట్టుకోవచ్చు. అంటే ఆట సైజు మారినప్పుడల్లా పాత టీమ్ సరిపోదు. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నదాంతో సంబంధం లేదు. మూడు టీమ్‌లు కలిసి రెండు అవుతాయి, లేదా ఒక టీమ్ కరిగి పక్క టీమ్‌లోకి పోతుంది. మీది సరిగ్గా ఆ మలుపులో ఉంది, పైగా వయసు లెక్క మారిన ఏడాది. ఈ ఏడు దేశమంతా ఇదే గోల.

అమ్మాయిల టీమ్‌లలో నేను చూసింది ఇంకొకటి ఉంది. ఒక్కరు వెళ్లడం అరుదు. ఒకరు కదిలితే ముగ్గురు కదులుతారు. ఆ ముగ్గురిదీ ఒకే కార్‌పూల్. మీ నలుగురిదీ ఒకటేనా?

ఇక విధేయత గురించి. ట్రయౌట్స్ అయ్యాక మూడేళ్లు ఆడిన పిల్లని కోచ్ తీసేస్తే అది "రోస్టర్ నిర్ణయం". అదే పిల్ల తనంతట తాను వెళ్తే "నమ్మకద్రోహం". ఈ రెండు మాటలూ నేను వాడాను, ఒకే వారంలో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక పిల్లని తీసేసిన మెయిల్‌లో పేరు తప్పు పడింది, వేరే పిల్ల పేరు. వాళ్లమ్మ తిరిగి ఒక్కటే లైన్ రాసింది: "మూడేళ్లండీ."

సైడ్‌లైన్ నాన్న
అవునండీ, నలుగురూ ఒకే కార్‌పూల్. నాకు ఇప్పుడే వెలిగింది.

లెక్కల మనిషి
చూశారా, మార్కెట్టే. క్లబ్‌కి మీరు కస్టమర్. ఏటా మూడు వేల డాలర్లు దాటి కడుతూ విధేయత కూడా ఫ్రీగా ఇవ్వాలా?

ఇద్దరు కూతుళ్ల తండ్రి
లెక్కల మనిషి గారూ, మీ మాట విని నాలుగేళ్లలో మూడు క్లబ్బులు మారినవాణ్ని నేను. ఎవరూ చెప్పలేదు లెండి, నా అంతట నేనే మారాను.

పెద్దది బాగా ఆడేది. ప్రతి మే నెలలో ఒక కొత్త కోచ్ వచ్చి "మీ అమ్మాయి మా సిస్టమ్‌కి సరిగ్గా సరిపోతుంది" అనేవాడు. ఆ మాట వింటే నాకు మత్తెక్కేది. మూడో క్లబ్‌లో చేరిన అక్టోబర్‌లో, ఎవరూ తగలకుండానే, పరిగెత్తుతూ దిశ మార్చబోయి పడిపోయింది. మోకాల్లో ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఈ లిగమెంట్ తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో కొన్ని రెట్లు ఎక్కువని ఆ రోజు ఆసుపత్రిలో తెలిసింది. సర్జరీ, తొమ్మిది నెలలు ఫిజియోథెరపీ.

ఏరికోరి పిలిచిన కోచ్ మొదటి వారం మెసేజ్ పెట్టాడు. తర్వాత లేదు. తప్పు పట్టను, ఆయనకి ఇరవై మంది పిల్లలు, మా పిల్ల ఆయన దగ్గర ఆడింది ఆరు వారాలు. ఫీజు కూడా వెనక్కి రాలేదు, సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ఇంటికి వచ్చింది ఎవరంటే, మేం మొదట వదిలేసి వచ్చిన టీమ్ పిల్లలు. ముగ్గురు. వాళ్ల పాత జెర్సీ మీద అందరూ సంతకాలు పెట్టి తెచ్చారు. నేను వాళ్ల అమ్మానాన్నల ముఖం చూడలేక వంటింట్లో కాఫీ పెడుతున్నట్టు నటించాను.

చిన్నది ఇప్పుడు నాలుగో ఏడు ఒకే క్లబ్‌లో ఉంది. రెండో టీమే. రోజూ ప్రాక్టీసుకి తనే ముందు కారెక్కుతుంది.

బ్లాక్ కాఫీ
కాఫీ పెడుతున్నట్టు నటించడం... మా ఇంట్లో ఇది నా డ్యూటీ.

ఫీల్డ్ నంబర్ 6
ఎవరూ లీగుల సంగతి ఎత్తలేదేం? సగం మంది మారేది కోచ్ కోసం కాదు, చొక్కా మీద బ్యాడ్జ్ కోసం. ఈసీఎన్ఎల్ (ఒక పెద్ద జాతీయ లీగ్) ఉందా, జీఏ (గర్ల్స్ అకాడమీ లీగ్) ఉందా, ఇదే ప్రశ్న.

ఆ బ్యాడ్జ్ కథ నాకు స్వయంగా తెలుసు. అమ్మాయిల ఈసీఎన్ఎల్ 2009లో మొదలైంది. 2017లో యూఎస్ సాకర్ (దేశ సాకర్ సంఘం) వాళ్లు అమ్మాయిల డెవలప్‌మెంట్ అకాడమీ అనే లీగ్ పెట్టారు, ఇక ఇదే అసలైన దారి అన్నారు. మా మేనకోడలు స్నేహితుల్ని వదిలి 45 నిమిషాల దూరంలో ఉన్న అకాడమీ క్లబ్‌కి మారింది. అకాడమీలో ఉంటే హైస్కూల్ టీమ్‌కి ఆడకూడదని షరతు. ఆ పిల్లకి హైస్కూల్ టీమ్ అంటే ప్రాణం, అయినా మానేసింది. 2020 ఏప్రిల్‌లో అకాడమీనే మూసేశారు. మూడు సీజన్లు కూడా పూర్తి కాలేదు. అదే ఏడు గర్ల్స్ అకాడమీ అని కొత్త లీగ్ వచ్చింది, క్లబ్బులు మళ్లీ చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. పాత చొక్కా ఇప్పుడు మా అక్క కారు తుడుచుకోవడానికి వాడుతోంది.

లెక్కల మనిషి
ఒక లీగ్ మూతపడిందని అన్నీ బోగస్ అనలేం కదా. పోటీ బాగుంటే ఆట పెరుగుతుంది, కాలేజీ కోచ్‌లు అక్కడికే వస్తారు. ఇది నిజం.

ఎడమ కాలు
నేను తల్లిని కాదు, ఒకప్పటి పిల్లని. కాలేజీలో డివిజన్ 3 (కాలేజీ ఆటల్లో మూడో అంచె) ఆడాను, ఇప్పుడు ఉద్యోగం. అమ్మ ఈ చర్చ లింకు పంపింది.

లెక్కల మనిషి అంకుల్ చెప్పింది పదహారేళ్లకి నిజం. పన్నెండేళ్లకి కాదు. డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడాలంటే పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా ఆగాలి. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు, ఉన్నది చదువుకో, అవసరానికో ఇచ్చే సాయం. అమెరికా మహిళల జట్టు స్టార్‌గా వెలిగిన ఆలెక్స్ మోర్గన్ క్లబ్ సాకర్ మొదలుపెట్టిందే 14 ఏళ్లకి. కాబట్టి ఇప్పుడు తొందరేం లేదు.

నాకు పదమూడేళ్లప్పుడు నా ప్రాణస్నేహితురాలు క్లబ్ మారింది. మీ అమ్మాయిలాగే నేనూ సెంట్రల్ మిడ్. ఇద్దరం వెనక్కి చూడకుండా పాస్ ఇచ్చుకునేవాళ్లం. అలా ఆడగలగడానికి రెండేళ్లు పట్టింది. తను వెళ్లాక మొదటి మ్యాచ్‌లో అలవాటుగా ఎడమ వైపు మడమతో బంతి నెట్టాను, అక్కడ ఎవరూ లేరు. ఎదుటి టీమ్‌కి త్రో ఇన్. కోచ్ నా మీద అరిచాడు. నాకు ఏడుపొచ్చింది, అరిచినందుకు కాదు.

తను వెళ్లినందుకు నాకు కోపం రాలేదు అంకుల్. తనకి ఆ సంగతి నెల ముందే తెలుసు. వాళ్ల నాన్న ఎవరికీ చెప్పొద్దన్నారట. ఆ నెలంతా నాతో పక్క పక్కనే కూర్చుని క్లీట్స్ లేసులు కట్టుకుంది. అది మింగుడు పడలేదు. తర్వాత చాన్నాళ్లకి తనే చెప్పింది, ఆ నెల తనకి రోజూ కడుపునొప్పి వచ్చేదట.

పెద్దవాళ్లు ట్రయౌట్స్ అయ్యేదాకా రహస్యంగా ఉంచమంటారు, కోచ్ బెంచ్ మీద కూర్చోబెడతాడని భయం. భయం ఉత్తది కాదు, అలా కూర్చోబెట్టే కోచ్‌లు ఉన్నారు. కానీ ఆ రహస్యం మోసేది పిల్లలు.

పాత కోచ్
ఎడమ కాలు గారూ, మీరు చెప్పింది వంద శాతం నిజం. ముందే చెప్పిన కుటుంబాన్ని నేనూ ఒకసారి బెంచ్ మీద కూర్చోబెట్టాను. తర్వాత నాకు ఎవరూ ముందే చెప్పలేదు. ఆ తప్పు నాదే.

గోలీ అమ్మ
సైడ్‌లైన్ నాన్న గారూ, ఒక్క మాట అడగనా? ఈ క్లబ్‌కి రాకముందు మీ అమ్మాయి ఎక్కడ ఆడేది?

సైడ్‌లైన్ నాన్న
అడుగుతారని తెలుసు. రాత్రంతా అదే నమిలాను.

మా ఊరి రిక్రియేషన్ టీమ్‌లో ఆడేది. కోచ్ అంటే జీతం తీసుకునేవాడు కాదు, ఒక పిల్ల తండ్రి. శనివారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కోన్లు పెట్టేవాడు, మా పిల్లకి బంతి ఆపడం నేర్పింది ఆయనే. క్లబ్ ట్రయౌట్‌లో పిలుపు రాగానే మేం ఆయనకి రెండు లైన్ల మెయిల్ పెట్టాం, సీజన్ మొదలవడానికి పది రోజుల ముందు. ఆ ఏడు వాళ్లకి పిల్లలు సరిపోక టీమ్ కలిపేశారని తర్వాత విన్నాను. దాన్ని నేను ఎప్పుడూ వదిలెళ్లడం అనుకోలేదు. "పై మెట్టు ఎక్కడం" అనుకున్నాను.

బ్లాక్ కాఫీ
ఆ నలుగురు కూడా ఇప్పుడు అదే అనుకుంటుంటారు.

ఇద్దరు కూతుళ్ల తండ్రి
డిపాజిట్ గడువు ఎప్పుడు? అమ్మాయిని అడిగారా? మనం ఇంత మాట్లాడుకున్నాం, ఆ పిల్ల ఏమంటోందో మీరు ఇంకా రాయలేదు.

సైడ్‌లైన్ నాన్న
అడిగాను. నేను అనుకున్నది వేరు. స్నేహితురాలి వెనకాలే వెళ్దామంటుంది అనుకున్నా. "అక్కడ ఇరవై మంది, నాన్నా. ఇక్కడైతే నేను ఆడతాను" అంది. తర్వాత కాసేపాగి, "టెంట్ ఎవరు మోస్తారు మరి?" అంది. ఎగతాళో, నిజంగానో తెలియలేదు.

ఉంటున్నాం. పై వయసు గ్రూప్ నుంచి జులై తర్వాత పుట్టినవాళ్లు ఆరుగురు మాలో కలుస్తున్నారు. కింది టీమ్ నుంచి ఒక పిల్ల గోల్‌కీపర్‌గా నిలబడతానంది. మొత్తం 13. ఇద్దరికి జ్వరమొస్తే 11.

లెక్కల మనిషి
ఒక షరతు పెట్టండి. డిపాజిట్ కట్టేముందు కీపర్ కోచ్ సంగతి రాతపూర్వకంగా అడగండి. మీకు బేరమాడే బలం ఉన్నది ఈ 48 గంటలే. నేను మార్కెట్ మనిషినే, కాని ఉండేవాడు కూడా బేరమాడొచ్చు.

గోలీ అమ్మ
ఇది మంచి మాట.

సైడ్‌లైన్ నాన్న
అడిగాను. వారానికి ఒకరోజు, గంటసేపు, కీపర్ కోచ్ వస్తాడని మెయిల్ ఇచ్చారు. రెండేళ్లు ఊరికే అడిగితే రానిది రెండు రోజుల్లో వచ్చింది. ఆ రిక్రియేషన్ కోచ్‌కి కూడా మెసేజ్ పెట్టాను, మూడేళ్లు ఆలస్యంగా. "పర్లేదు, మీ అమ్మాయి ఇంకా ఎడమ కాలితో తన్నకుండా తప్పించుకుంటోందా?" అని అడిగాడు. తప్పించుకుంటోంది.

సైడ్‌లైన్ నాన్న
(సెప్టెంబర్) చాలామంది అడిగారు కాబట్టి అప్‌డేట్.

లేబర్ డే టోర్నమెంట్‌కి నాలుగు రోజుల ముందు మా కొత్త కీపర్ వేలు బెణికింది. వేరే కీపర్ లేదు. గెస్ట్ ప్లేయర్ని తెచ్చుకోవచ్చు, ఆ పిల్ల క్లబ్ ఒప్పుకుంటే. ఎవర్ని అడగాలా అని లిస్టు రాసుకుంటుంటే మా అమ్మాయి వచ్చి పాత కీపర్ పేరు చెప్పింది. వాళ్ల టీమ్‌కి ఆ వారాంతం ఆట లేదట. ఈ సంగతి నీకెలా తెలుసు అంటే, "రోజూ మాట్లాడుకుంటాం కదా" అంది. నలుగురితోనూ మాట్లాడుతోందట, జూన్ నుంచీ. గ్రూప్‌లోంచి వెళ్లిపోయింది పెద్దవాళ్లే. పిల్లలకి వేరే గ్రూప్ ఉంది.

వాళ్లమ్మకి మెసేజ్ రాయడానికి నాకు గంట పట్టింది. నాలుగుసార్లు కొట్టి చెరిపాను. చివరికి విషయం మాత్రం రాసి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: "జెర్సీ ఏ రంగు?"

గోలీ అమ్మ
స్కోరు?

సైడ్‌లైన్ నాన్న
రెండు ఓడాం, ఒకటి డ్రా. డ్రా అయినదాంట్లో పెనాల్టీ ఆపింది. డిక్కీలో గ్లవ్స్ ఇవ్వబోయాను, పట్టలేదు. వేసవిలో చేతులు పెరిగాయి.

బ్లాక్ కాఫీ
టెంట్?

సైడ్‌లైన్ నాన్న
ఒక కొస నేను, ఇంకో కొస వాళ్ల నాన్న. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. ఎండ గురించి.